కృత్రిమ మోకాలికి తలుపు బందు లాంటి ఒక్క కీలు చాలదా? నాలుగు కడ్డీలు ఎందుకు పెడతారు?

ఒకే కీలుతో వంగేవి కూడా ఉన్నాయి, చవకే. చిక్కేమిటంటే, మడమ నేలకు ఆనినప్పుడు శరీర బరువు కీలు వెనక పడితే మోకాలు టక్కున మడుచుకుపోతుంది. మనిషి పడిపోతాడు. ఆ టెన్షన్‌తో నడక ఎలా సాగుతుంది?

నాలుగు కడ్డీల అమరికలో మోకాలు తిరిగే కేంద్రం ఒకచోట ఉండదు. కాలు చాపినప్పుడు అది పైన, కాస్త వెనక ఉంటుంది, అందుకే నిలకడ. వంగేకొద్దీ కిందికి, ముందుకు జరుగుతుంది. పైగా కాలు ముందుకు ఊపేటప్పుడు పొడవు కొంచెం తగ్గి, బొటనవేలు నేలకు తట్టుకోదు. మన గతుకుల రోడ్లకు ఇదే అసలు లాభమని నా అభిప్రాయం.

ఐఐటీ మద్రాస్ 2022లో తెచ్చిన ‘కదం’ ఈ రకమే. 160 డిగ్రీల దాకా వంగుతుంది కాబట్టి ఆటోలోనూ, ఇరుకు బస్సు సీట్లోనూ కూర్చోవచ్చు.