అమెరికాలో క్లైమేట్ పాలసీయా, పవర్ సిస్టమ్సా? ఒక తండ్రి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మా అమ్మాయి ఈఈఈలో బీటెక్ పూర్తి చేసింది. చివరి ఏడాది ప్రాజెక్టుగా కాలేజీ భవనాల కరెంటు వాడకాన్ని లెక్కకట్టింది. అమెరికాలో క్లైమేట్ పాలసీలో మాస్టర్స్ చేసి, అక్కడి రాష్ట్రాలు, పట్టణాలు కలిసి నడిపే క్లీన్ ఎనర్జీ కార్యక్రమాల్లో పనిచేస్తానంటోంది. పవర్ సిస్టమ్స్‌లో (విద్యుత్ ఉత్పత్తి, సరఫరా వ్యవస్థల ఇంజనీరింగ్) కూడా సీటు వచ్చింది. బంధువుల పిల్లలందరూ కంప్యూటర్స్ వైపే వెళ్లారు. అప్పు చేసి పంపాలి కాబట్టి భయంగా ఉంది. రెండింటిలో ఏది మేలు?

సమాధానం: మీరు అడిగింది రెండు కోర్సుల మధ్య పోలిక. అయితే మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం, అప్పు చేసి పంపిన పిల్లకు ఉద్యోగం రాకపోతే ఎలా అన్న ఆందోళన. ఇదే ఆందోళనతో ఏటా ఎందరో తల్లిదండ్రులు నాకు రాస్తుంటారు కనుక ముందు దాని సంగతే చెబుతాను.

ఆమె ఎంచుకున్న రంగంలో నిజంగానే పని ఉంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు కొన్ని 2009 నుంచి ఒక ఉమ్మడి ఏర్పాటును నడుపుతున్నాయి. ఆ ఏర్పాటు కింద, విద్యుత్ కేంద్రాలు తాము వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు లెక్కకట్టి అనుమతులు కొనుక్కోవాలి. మూడు నెలలకోసారి జరిగే వేలంలో వచ్చిన సొమ్మును రాష్ట్రాలు ఇంధన పొదుపు వంటి పనులకు ఖర్చు చేస్తాయి. మసాచుసెట్స్‌లో 2008 నాటి చట్టం ప్రకారం, ఏ పట్టణమైనా తన భవనాల్లో, వాహనాల్లో ఇంధన వాడకాన్ని ఐదేళ్లలో 20 శాతం తగ్గించే ప్రణాళిక వేసుకుని, మరికొన్ని షరతులకు ఒప్పుకుంటే, రాష్ట్రం ఆ పనులకు గ్రాంటు ఇస్తుంది. బడి, అగ్నిమాపక కేంద్రం, వీధిదీపాలు, ఇలా ప్రతిదాని బిల్లులనూ సేకరించి, మొదటి ఏడాది వాడకం ఇంత అని తేల్చనిదే ఆ 20 శాతానికి అర్థమే లేదు. చిన్న పట్టణాలకు ఆ లెక్క తేల్చగల మనిషి ఉండకపోవచ్చు. ప్రాంతీయ ప్రణాళికా సంస్థలు, కన్సల్టెన్సీలు సాయపడేది అక్కడే, ఉద్యోగాలు పుట్టేదీ అక్కడే.

ఇక నా అనుమానాలు. క్లైమేట్ పాలసీ అన్న పేరుకు ఈమధ్య వచ్చిన ఆకర్షణ నాకు నిశ్చింతనివ్వడం లేదు. ఈ కార్యక్రమాల డబ్బు రాజకీయ నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. పైన చెప్పిన ఉమ్మడి ఏర్పాటు నుంచి న్యూజెర్సీ, గవర్నర్ నిర్ణయం వల్ల 2011 చివర బయటికి వెళ్లి, మళ్లీ 2020లో గాని చేరలేదు. వర్జీనియా 2021లో చేరి 2023 చివరికల్లా తప్పుకుంది. రాష్ట్రాల ద్వారా, స్థానిక సంస్థల ద్వారా పేద కుటుంబాలకు సౌర విద్యుత్తు అందించడానికి కేటాయించిన 700 కోట్ల డాలర్ల సోలార్ ఫర్ ఆల్ పథకాన్ని, 2024లో గ్రాంట్లు ప్రకటించిన ఫెడరల్ ప్రభుత్వ సంస్థే 2025 ఆగస్టులో రద్దు చేస్తున్నట్టు చెప్పింది. ఇలా నిధులు ఆగినప్పుడు, విధాన నివేదికలు రాయడం తప్ప వేరే పని నేర్చుకోని వారికి దారులు తక్కువగా ఉంటాయి. మీటరు లెక్కలు, లోడ్ లెక్కలు తెలిసినవారు విద్యుత్ సంస్థకో, భవనాల డిజైన్ సంస్థకో మారగలరు.

వీసా సంగతి కూడా చెప్పాలి. చదువు ముగిశాక విద్యార్థి వీసా మీదే పనిచేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. కోర్సు అమెరికా ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే మరో 24 నెలలు. క్లైమేట్ సైన్స్ 2022లో ఆ జాబితాలో చేరింది గాని, పేరులో క్లైమేట్ ఉన్న ప్రతి కోర్సూ చేరినట్టు కాదు. రాష్ట్ర, నగర ప్రభుత్వ కార్యాలయాల్లో విదేశీయులకు వీసా స్పాన్సర్ చేసేవి తక్కువే.

ఒక మాట కటువుగా చెబుతున్నాను, మన్నించండి. మీరు జీతాల గురించి, బంధువుల పిల్లల గురించి పేజీ నిండా రాశారు. మీ అమ్మాయి చివరి ఏడాది కాలేజీ భవనాల కరెంటు వాడకాన్ని గంటగంటకూ నమోదు చేసి, వృథా ఎక్కడ అవుతోందో చూపించిందన్న సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో ముగించారు. మసాచుసెట్స్ పట్టణాలు మొదట చేయవలసిన పని అదే. అంత పనిచేసిన పిల్లను కంప్యూటర్స్ చదివిన వారితో పోల్చి చిన్నబుచ్చడం అన్యాయం.

నా సలహా పవర్ సిస్టమ్స్. దానితోపాటు విద్యుత్ ధరల నియంత్రణ మీద ఒకటి రెండు పాలసీ సబ్జెక్టులు తీసుకోమనండి. అక్కడ ఛార్జీలను, విద్యుత్ సంస్థల పెట్టుబడులను పరిశీలించేది ప్రధానంగా రాష్ట్ర కమిషన్లే కనుక, క్లీన్ ఎనర్జీ వాదనలు చాలావరకు వాటి ముందే జరుగుతాయి, ఆ వాదనల్లో అంకెలు చదవగల ఇంజనీరు అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఈ దారిలో ఆమె కోరుకున్న పని ఆమెకు దూరం కాదు. ఆ కార్యక్రమాలు కొంతకాలం ఆగినా ఆమె చేతిలో వృత్తి ఉంటుంది. అందుకే మీరు భయపడుతున్నంత ప్రమాదం నాకు కనిపించడం లేదు.

సీటు ఖాయం చేసే ముందు, రెండు విభాగాలకూ ఆమె చేతనే ఈమెయిల్ రాయించండి: కోర్సు స్టెమ్ జాబితాలో ఏ కోడ్ కింద ఉంది, గత రెండు బ్యాచ్‌ల విదేశీ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని. ఆ జవాబులు వచ్చేలోపు ఆమె ప్రాజెక్టు రిపోర్టును పక్కన కూర్చుని మీకు వివరించమని అడగండి.