అల్లుడికి, జింకల వేట రైఫిల్ గురించి

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. సొంత రైఫిల్ కొనాలనుకుంటున్నావు, .300 విన్‌మాగ్ (చాలా బలమైన పెద్ద తూటా) అయితే ఎలా ఉంటుందని అడిగావు. వద్దు. స్కాట్లాండ్‌లో నువ్వు వేటాడే ఏ జింకకీ అంత అక్కర్లేదు.

మన విశాఖలో కంబాలకొండ జింక మీద చెయ్యి వేస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే, అది ఉండాల్సిందే కూడా. కానీ స్కాట్లాండ్‌లో తోడేళ్లు ఎప్పుడో అంతరించిపోయాయి, జింకలు పెరిగిపోయి చిన్న మొక్కల్ని చెట్లు కానివ్వట్లేదు కాబట్టి ఏటా కొన్నింటిని తగ్గించక తప్పదు. తప్పదు కదా అని ఎలా పడితే అలా చంపకూడదు, ఒక్క గుండుకే పడిపోవాలి. అందుకే ముందు నీ భుజం సంగతి చూడమంటాను. రైఫిల్ గట్టిగా తన్నుతుందని ఒంటికి ఒకసారి అలవాటైతే, ట్రిగ్గర్ నొక్కబోతుండగానే కన్ను మూసుకుపోతుంది, చెయ్యి బిగుసుకుంటుంది, గుండె ఊపిరితిత్తుల మీద తగలాల్సిన గుండు పొట్టలో తగులుతుంది. ఆ జింక పొదల్లోకి పారిపోయి గంటల తరబడి చస్తుంది. ఎంత పెద్ద కాలిబరైనా (అంటే అంగుళాల్లో చెప్పే గుండు వ్యాసం) దాన్ని సరిదిద్దలేదు.

చట్టం చూసుకో. స్కాట్లాండ్‌లో రెడ్ డీర్ అనే పెద్ద జింకకి గుండు వేగం సెకనుకు 2,450 అడుగులు, శక్తి 1,750 ఫుట్ పౌండ్లు తగ్గకూడదు. గుండు బరువు ఇదివరకు 100 గ్రెయిన్లు ఉండాలనేవారు, 2023లో 80కి తగ్గించారు, సీసం లేని రాగి గుండ్లు తేలిగ్గా ఉంటాయి కాబట్టి. రో డీర్ అనే చిన్న జింకకి అక్కడ .223 చాలు, కానీ సరిహద్దు దాటి ఇంగ్లాండ్ వెళ్తే రో డీర్‌కి కూడా .240 అంగుళాలకు తగ్గితే నేరం, ఇది మర్చిపోకు.

ఇక మిగిలేవి .243, .308. మొదటిది మెత్తగా తన్నుతుంది, కొత్తవాళ్లకి హాయి. అయితే గుండు తేలిక కాబట్టి గాలికి ఎక్కువ పక్కకి పోతుంది, కొండల మీద గాలి ఎప్పుడూ ఉంటుంది, పైగా బ్యారెల్ త్వరగా అరుగుతుంది. రెండోదానికి తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, 150 గ్రెయిన్ల గుండు రో డీర్ నుంచి పెద్ద మగ రెడ్ డీర్ దాకా సరిపోతుంది, మోడరేటర్ (బ్యారెల్ చివర బిగించే, శబ్దం తగ్గించే గొట్టం) బిగిస్తే తన్నుడు బాగా తగ్గుతుంది. 6.5 స్వీడిష్ అనే ఇంకో కాలిబర్ నాకు చాలా ఇష్టం, కానీ దాని తూటాలు అన్ని షాపుల్లో ఉండవు. నన్నడిగితే .308 తీసుకో. రేంజ్‌లో ఎవరిదైనా అడిగి, పడుకుని, కూర్చుని, బ్యాగు మీద ఆనించి కాల్చి చూడు, ఇరవై తూటాలయ్యాక కూడా గురి చెదరకపోతే అదే నీది. చెదిరిందా, మొహమాటపడకుండా .243 కొనుక్కో, అందులో నామోషీ ఏమీ లేదు.

తుపాకీ సర్టిఫికెట్ (లైసెన్సు) దరఖాస్తులో కాలిబర్ రాయాలి, కాబట్టి ఇదంతా తేల్చుకున్నాకే పోలీసులకి ఇవ్వు. కొన్నాక ఒకే రకం తూటా వాడు, రాగి గుండ్లకి మారితే గురి మళ్లీ సరిచూసుకో.

మీ అమ్మ ఇక్కడ టెన్షన్ పడుతోంది, అక్కతో నేను మాట్లాడతాలే.

మీ మావయ్య