తిప్పికొట్టాలంటే ముందు ఒక పేరు కావాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు నెలలుగా మీ నాన్నగారికి అన్నం సయించడం లేదు, మనిషి సగమైపోయారు. గుమ్మం పక్కన మట్టిలో మేకులు గుచ్చిన నిమ్మకాయ, జుట్టు ఉండ దొరికాయి. పక్క ఊరి మంత్రగాడు చూసి "ఇది చేతబడి, మీ వాళ్లే చేయించారు, తూర్పు వైపు ఇల్లు, భర్త లేని ఆడమనిషి" అన్నాడు. ముప్పై వేలిస్తే చేసినవాళ్లకే తిప్పికొడతానన్నాడు. మనం మొదలుపెట్టింది కాదు కదా, తిప్పికొడితే పాపమా అని అడిగారు.

ఇవ్వకండి. డబ్బు పోతుందన్న ఒక్క కారణానికే అయితే ఇంత జవాబు రాయనక్కర్లేదు. ఆయన మీకు అమ్ముతున్నది మంత్రం కాదు, ఒక మనిషి పేరు. ఆ పేరు ఒకసారి బయటికొచ్చాక ఏమవుతుందో మా ఇంట్లో చూశాను.

మాది కోనసీమలో గౌతమి పక్కన లంక ఊరు. మా వైపు దీన్ని చేతబడి అంటారు, చిల్లంగి అంటారు, కొంచెం పెద్దవాళ్లు ప్రయోగం అంటారు. అన్నంలోనో మజ్జిగలోనో కలిపిచ్చారంటే పెట్టుడు మందు. ఇదంతా చదువులేనివాళ్లు పుట్టించిన మాట అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. తంత్ర గ్రంథాల్లో షట్కర్మలున్నాయి, అంటే కీడు తప్పించడం నుంచి చంపడం దాకా ఆరు రకాల ప్రయోగాలు: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. అథర్వవేదంలో ఎవరో పంపిన కృత్యను, అంటే చేతబడిని, పంపినవాళ్ల మీదికే తిప్పి పంపే సూక్తాలు కూడా ఉన్నాయి. అంటే మీ మంత్రగాడు చెప్పే మాట పాతదే. అయితే "మన శాస్త్రాల్లోనే ఉంది కదా" అని ఊరుకునేవాళ్లు ఆ శాస్త్రాల్లోనే ఉన్న రెండో సగం చదవరు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం అభిచారానికి, అంటే కీడు చేసే మంత్రప్రయోగానికి, మూలకర్మకి, అంటే వేర్లూ మందులూ ప్రయోగించి మనుషుల్ని వశం చేసుకోవడానికి, రెండు వందల పణాల (అప్పటి నాణేల) జరిమానా వేసింది. పదకొండో అధ్యాయం ఆ రెంటినీ ఉపపాతకాల్లో, అంటే మహాపాతకాల కంటే ఒక మెట్టు కింది పాపాల్లో, చేర్చింది. పాపమా అని మీరు అడిగినదానికి పాతకాలం ఇచ్చిన జవాబు అది.

పుస్తకంలో ఉండటం వేరు, పనిచేయడం వేరు. మంత్రానికి మనిషి మంచాన పడటం నేను ఎక్కడా చూడలేదు. పనితనం మాత్రం చూశాను. కత్తికి ముందే మందార రేకులు రుద్ది ఆరబెట్టి ఉంచుతారు, ఆ కత్తితో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి రసం నెత్తురులా ఎర్రబడుతుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్లు ఇలాంటివి బడిపిల్లల ముందు చేసి, ఎలా చేశారో కూడా చెబుతారు. పెట్టుడు మందు కక్కించడం ఇంకా సులువు. పరగడుపున పసరు పోస్తే ఎవరికైనా వాంతి అవుతుంది. అందులోంచి తీసినట్టు చూపించే నల్లటి ఉండ అంతకుముందే తీసేవాడి అరచేతిలో ఉంటుంది. పెరట్లో తవ్వితే బొమ్మ బయటపడటమూ అంతే. ఎవరు తవ్వారు, ముందురోజు ఆ చుట్టుపక్కల ఎవరు తిరిగారు అని అడిగితే సగం సంగతి తేలిపోతుంది.

ఇక "తూర్పు వైపు ఇల్లు" అన్న మాట. మన డెల్టా ఊళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కాలవ గట్టు వెంబడి వరసగా ఇళ్లు, మూడొంతులు చుట్టాలే. తూర్పున బంధువు లేని ఇల్లెక్కడుంది? గట్టు తగాదా, బోదె నీళ్ల గొడవ, కట్నం దగ్గర మాట పట్టింపు లేని కుటుంబమెక్కడుంది? ఆయన దిక్కు మాత్రమే చెబుతాడు. పేరు మీరే పూరిస్తారు. పూరించింది మీరే కాబట్టి గట్టిగా నమ్ముతారు.

మా దొడ్డమ్మ విషయంలో జరిగింది ఇదే. దొడ్డనాన్న పోయాక ఆవిడ ఒక్కతే ఉండేది. ఒక గేదె, నాలుగిళ్లకి పాలు పోసి బతికేది. సార్వా ఊడ్పుల రోజులు, విడవని వాన. పొరుగింటి అబ్బాయి వసారాలో చాప మీద పడుకున్నవాడు తెల్లవారుజామున కడుపు నొప్పి అని లేచాడు. వాంతి అయింది. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది, ఉమ్ము మింగలేకపోయాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. "ఏదో గాలండి, ఆయ్, దెబ్బలాటలున్న ఇల్లు" అని ఎవరో అన్నారు. బండి మంత్రగాడి ఇంటికి మళ్లింది. ఆయన బియ్యం గింజలు చల్లి, పెట్టుడు మందు అన్నాడు, ఆడమనిషి చేయి అన్నాడు. ముందురోజు సాయంత్రం పొలం నుంచి వచ్చిన ఆ పిల్లాడికి మా దొడ్డమ్మ గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. అంతే, పేరు దొరికింది.

ఊపిరి అందక ఒళ్లు నీలబడుతుంటే అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెంటిలేటర్ పెట్టారు, పాముకాటు మందు ఎక్కించారు. బతికాడు. కట్లపాము కాటు అది. డాక్టరు చెప్పిన మాటలు మన వైపు ప్రతి ఇంట్లో తెలిసుండాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి తెలియదు, గాటు కనపడకపోవచ్చు, వాపు రాదు. విషం నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. అందుకే ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. వానాకాలంలో తెల్లవారి ఎవరైనా కడుపు నొప్పితో లేచి కళ్లు తెరవలేకపోతే ఇంకెక్కడికీ వెళ్లొద్దు, నేరుగా ఆసుపత్రికే. మన దేశంలో పాముకాటుకి ఇచ్చే మందు నాలుగు రకాల పాములకు పనిచేస్తుంది, వాటిలో కట్లపాము ఒకటి.

పిల్లాడు లేచి తిరిగాడు కదా, పాముకాటు అని డాక్టరే చెప్పాడు కదా, మా దొడ్డమ్మ మీద పడ్డ మాట పోవాలి కదా. పోలేదు. "పామునే పంపించి ఉంటుంది" అన్నారు. నన్ను ఈ రోజుకీ కుదిపేసే వాక్యం అది. దాన్ని తప్పని ఏ పరీక్షతో నిరూపిస్తాం? ఆవిడ దగ్గర పాలు మానేశారు. ఎవరూ తిట్టలేదు, చెయ్యెత్తలేదు, గిన్నె పట్టుకుని రావడం ఆపేశారంతే. ఏడాది తిరక్కుండా గేదెను అమ్ముకుని తణుకులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పుట్టి పెరిగిన ఊరు, మళ్లీ రాలేదు.

ఆవిడకి అంతటితో ఆగింది. ఇలాంటి పేరు పడ్డ అందరికీ ఆగదు. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలో హత్యలకు కారణాల పట్టిక ఉంటుంది, అందులో మంత్రవిద్యకి విడిగా ఒక వరుస ఉంది.

ఇప్పుడు మీరు అడిగిన ధర్మం సంగతి. తిప్పికొట్టడం ఆత్మరక్షణ అంటున్నారు. ఎదురుగా కత్తి ఎత్తినవాణ్ని అడ్డుకోవడం ఆత్మరక్షణ. ఇక్కడ కత్తి ఎత్తింది ఎవరో మీరు చూడలేదు, డబ్బు తీసుకునేవాడు చెప్పాడు. మంత్రానికి బలం లేదనుకుంటే మీరు మోసపోయారు. ఉందనుకుంటే, విచారణ లేకుండా ఒక ఆడమనిషి చావుకి ముప్పై వేలు కట్టారు. రెండింటిలో ఏది నిజమైనా ఆవిడ వీధిలో తలెత్తుకుని తిరగలేదు. మీ కోపం నాకు అర్థమవుతుంది, నాన్న కళ్లముందు కరిగిపోతుంటే ఎవరో ఒకరు చేశారని తేలితే బాగుండుననిపిస్తుంది. అయినా ఆ పని తప్పే.

చట్టం కూడా తెలుసుకోండి. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద ఉద్యమం నడిపిన నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి పోరాడినా రాని చేతబడి వ్యతిరేక చట్టం, 2013 ఆగస్టులో ఆయన్ని కాల్చి చంపాక వచ్చింది. కర్ణాటక 2017లో చేసుకుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో చేతబడికని ప్రత్యేక చట్టం లేదు, ఉండాలని నా కోరిక. అయినా మనం చేతులు ముడుచుకోనక్కర్లేదు. మాయ చెప్పి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. డబ్బివ్వకపోతే చేతబడి చేస్తానని బెదిరించడం 351 కిందికి వస్తుంది. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది.

మీ అమ్మగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. భీమవరం మావుళ్లమ్మకి మొక్కుకుంటానంటే వెళ్లి రండి. వీటినీ చేతబడినీ ఒకే గాటన కట్టేవాళ్లున్నారు, నేను కట్టను. దిష్టి తీసేటప్పుడు అమ్మ ఏమంటుంది? ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్లోవాళ్ల దిష్టి, నా దిష్టి అంటుంది. అందరినీ కలుపుతుంది, తనని కూడా. ఏ ఒక్కరి మీదా వేలు పెట్టదు. పసుపులో సున్నం కలిపితే నీళ్లు ఎర్రబడతాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవర్నీ భయపెట్టదు, ఎవరి దగ్గరా డబ్బు గుంజదు.

నాన్నగారి సంగతి చూడండి. మూడు నెలల్లో ఇంత చిక్కిపోవడానికి కారణాలు వెతికితే దొరుకుతాయి: షుగరు, క్షయ, కాలేయం, థైరాయిడ్, కడుపులో పుండు, ఒక్కోసారి గడ్డ. రక్త పరీక్షలు, కాలేయం పరీక్ష, కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, డాక్టరు చెబితే ఎండోస్కోపీ ఈ వారంలోనే చేయించండి. క్షయ అయితే పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఆ ముప్పై వేలు దీనికి వాడండి. పసరు మందులు ఎవరిచ్చినా తాగించవద్దు, కాలేయం దెబ్బతిని ఉంటే ఇంకా చెడుతుంది.

ఆ నిమ్మకాయా జుట్టూ తీసి పారేయండి, శాంతి పూజలేమీ అక్కర్లేదు. మంత్రగాడు ఫోన్లో బెదిరిస్తే ఆ మాటలు రికార్డు చేసి స్టేషన్‌లో ఇవ్వండి. ఆయన చెప్పినది ఇంట్లో ఇంకెవరికీ చెప్పకండి, ముఖ్యంగా ఊళ్లో ఉన్న తమ్ముళ్లకి, బావమరుదులకి. ఇప్పటికే అమ్మగారి నోట ఆ తూర్పింటావిడ పేరు వచ్చి ఉంటే, మీరే వాళ్లింటికి వెళ్లండి. ఆవిడ ఇచ్చిన కాఫీ అక్కడే కూర్చుని తాగండి. నాన్నగారిని చూడటానికి వస్తానంటే వెంట తీసుకురండి.