ఒక కిట్టు, మరో బండి: కవచ వాహనాల నమూనాలపై పాఠకుల ప్రశ్నలు

విశాఖపట్నంలో ప్లాస్టిక్ కిట్లతో సైనిక వాహనాల నమూనాలు తయారు చేసేవారి సంఖ్య పెద్దది కాకపోయినా, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మాత్రం తగ్గడం లేదు. సైనికులను చేరవేసే కవచ వాహనం కిట్టును అదే చట్రం మీద నిర్మించిన వేరే రకం వాహనంగా మార్చడం గురించి ఈసారి ఎక్కువ మంది అడిగారు. వాటిలో ఐదు ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర 1:35 స్కేలు బీఎంపీ–2 కిట్టు ఉంది. మన సైన్యం వాడే సారథ్ చట్రం మీద తయారైన 81 మిల్లీమీటర్ల మోర్టార్ (గుండ్లను ఎత్తుగా పైకి విసిరే పొట్టి ఫిరంగి) వాహనంగా దాన్ని మార్చాలని నా కోరిక. టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై గది) తీసేసి, ఆ రంధ్రం మూసి, వెనుక భాగంలో ఒక మోర్టార్ అమర్చితే సరిపోతుందా? పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, విశాలాక్షినగర్

జవాబు: మీరు చెప్పిన పనులన్నీ చేయవలసినవే, కాని వాటితో సరిపోదు. ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బండి ఇప్పుడు ఏ పని చేస్తోంది, ఆ పని కోసం లోపల ఏది తీసేశారు, ఏది కొత్తగా పెట్టారు? సారథ్ అంటే సోవియట్ యూనియన్ రూపొందించిన బీఎంపీ–2 అనే, సైనికులను చేరవేసే కవచ వాహనానికి మన దేశంలో లైసెన్సుపై తయారైన రూపం. మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీగా పేరుపొందిన ఎద్దుమైలారం కర్మాగారం నుంచి 1987లో ఇది రావడం మొదలైంది. మామూలు రూపంలో ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు ప్రయాణిస్తారు. టరెట్‌లో 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది. మోర్టార్ వాహనంలో టరెట్ లేదు కనుక అందులో కూర్చునే ఇద్దరూ లేరు, ఆ ఫిరంగికి కావలసిన గుండ్లూ లేవు. సైనికులు కూర్చునే వెనుక గదిని మార్చి అక్కడ మోర్టార్‌ను నిలబెట్టారు. పైకప్పులో కీళ్ల మీద తెరుచుకునే రెండు తలుపులు పెట్టి, ఆ సందులోంచి పేల్చే ఏర్పాటు చేశారు. ఈ మార్పులన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కాబట్టి ఒక్క మోర్టార్‌ను మాత్రం తెచ్చి పెట్టి, కిట్టులోని బెంచీ సీట్లను, పైకప్పు మీది రెండు హ్యాచ్‌లను (మూత తలుపులను) అలాగే వదిలేస్తే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

కత్తి పట్టుకునే ముందు కొలతలు రాసుకోండి. 1:35 స్కేలు అంటే నమూనా అసలు బండిలో 35వ వంతు. బీఎంపీ–2 పొడవు 6.735 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు, 35తో భాగిస్తే పొడవు 192 మిల్లీమీటర్లు, వెడల్పు సరిగ్గా 90 మిల్లీమీటర్లు వస్తుంది. మీ కిట్టును స్కేలుతో కొలిచి ఈ అంకెలతో పోల్చండి. తేడా ఉంటే కొత్త పలకలను బండి అసలు కొలతలకు కాక, మీ కిట్టు కొలతలకు అనుగుణంగా కోసుకోవాలి. లేకపోతే ఏ అంచూ ఏ అంచుకూ కలవదు. మోర్టార్ గొట్టం లోపలి వ్యాసం 81 మిల్లీమీటర్లు, అంటే నమూనాలో 2.3 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సన్నని ఇత్తడి గొట్టాల్లో దీనికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటే, ప్లాస్టిక్ కడ్డీకి రంధ్రం చేసే కష్టం తప్పుతుంది, మూతి అంచు కూడా పలుచగా, నిజంగా లోహంలా కనిపిస్తుంది.

ఇక అసలు మెలకువ పలకల మందంలో ఉంది. కిట్టు పైకప్పు ప్లాస్టిక్ సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటుందనుకుందాం. దాన్ని 35తో గుణిస్తే 42 మిల్లీమీటర్ల ఉక్కు అవుతుంది. నీటిలో తేలవలసిన ఇంత తేలికపాటి వాహనానికి అంత మందమైన పైకప్పు ఉండదు. మూసి ఉన్నంతసేపు ఈ తేడా కనిపించదు, కాని మీరు ఇప్పుడు పైకప్పును తెరుస్తున్నారు. అందువల్ల కోసిన అంచులన్నిటినీ లోపలివైపు నుంచి ఏటవాలుగా ఆకురాయితో అరగదీసి, పైన కనిపించే అంచును కాగితమంత పలుచగా చేయండి. తలుపులను మాత్రం కిట్టు ప్లాస్టిక్‌తో కాకుండా 0.25 మిల్లీమీటర్ల పాలిస్టైరీన్ షీటుతో కొత్తగా చేసుకోండి. నా అనుభవంలో మార్పు చేసిన నమూనాల్లో నూటికి తొంభై ఈ ఒక్క చోటే దెబ్బతింటాయి. రంగు ఎంత బాగా వేసినా మందపు అంచు దాగదు.

పైకప్పును రంపంతో కోయకండి. గీత గీసి, గీతకు లోపలివైపున సన్నని డ్రిల్లుతో వరసగా రంధ్రాలు చేసి, వాటిని కత్తితో కలిపి, చివరి అర మిల్లీమీటరును ఆకురాయితో గీత దాకా తీసుకురండి. అంతకు ముందే అట్టముక్కలతో లోపలి గది మొత్తాన్ని ఒకసారి కట్టి, టేపుతో అతికించి, తెరిచిన కప్పులోంచి ఏమేమి కనిపిస్తాయో చూడండి. ఈ వాహనం 108 మోర్టార్ గుండ్లను తీసుకెళుతుందని అన్నిటినీ చేయనక్కరలేదు. కంటికి అందే అరలను చేస్తే చాలు. అయితే సిబ్బంది ఇద్దరు కాక మోర్టార్ దగ్గర పనిచేసే నలుగురికీ చోటు ఉండాలి. ఒక 1:35 మనిషి బొమ్మను లోపల నిలబెట్టి, అతడు గుండును గొట్టం మూతి దాకా ఎత్తగలడో లేదో చూస్తే మీ అమరిక సరైనదో కాదో అక్కడే తేలిపోతుంది.

ఫోటోల విషయంలో ఒక మాట. గణతంత్ర దినోత్సవ కవాతుల చిత్రాలు, బహిరంగ ప్రదర్శనల చిత్రాలు మీకు చాలినన్ని దొరుకుతాయి. మనది నౌకాదళ నగరం కనుక ఈ మాట గట్టిగానే చెబుతున్నాను: నిషేధిత ప్రాంతాల దగ్గర కెమెరా తీయవద్దు. తీసేసిన టరెట్‌ను కూడా పారేయకండి. కింద భీమిలి పాఠకురాలికి ఇచ్చిన జవాబు చదివితే దాని ఉపయోగం తెలుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడి పుట్టినరోజుకు వాళ్ల మావయ్య ఎం113 కిట్టు ఇచ్చారు. దాన్ని ఎం577 కమాండ్ వాహనంగా మారుస్తానంటున్నాడు. ఆ వయసు పిల్లాడు చేయగలిగిన పనేనా?
– గృహిణి, సీతమ్మధార

జవాబు: చేయగలడమ్మా. నిజం చెప్పాలంటే మొదటిసారి మార్పు చేసేవారికి ఇంతకంటే మంచి బండి లేదు. 1960లో అమెరికా సైన్యంలోకి వచ్చిన ఎం113 అనే, సైనికులను చేరవేసే కవచ వాహనం దాదాపుగా ఒక అల్యూమినియం పెట్టె. నిటారు పక్కలు, చదునైన కప్పు ఉండడం వల్లే దాని మీద మోర్టార్ వాహనాలు, విమాన విధ్వంసక ఫిరంగి వాహనం, క్షిపణి వాహనం వంటి రకాలెన్నో పుట్టాయి. ఎం577లో డ్రైవరు, ఇంజను వెనుక ఉన్న కప్పును సుమారు 64 సెంటీమీటర్లు పైకి లేపారు. అధికారులు లోపల పటాలు పరుచుకుని, రేడియోలు పెట్టుకుని, నిలబడి పనిచేయడానికి ఆ ఎత్తు అవసరమైంది. నమూనాలో అది 18 మిల్లీమీటర్లు. అంటే మీ అబ్బాయి చేయవలసింది మూడు పక్కల గోడలు, ముందువైపు ఒక గోడ, పైన ఒక కప్పు ఉన్న చిన్న పెట్టె. రేడియోలకు కరెంటు ఇచ్చే జనరేటరు ఆ ఎత్తైన భాగానికి ముందు కప్పు మీద కూర్చుంటుంది; దాన్ని విడిగా చేసి అతికించవచ్చు. చక్రాలు, ట్రాకులు, కింది చట్రం కిట్టులోవే పనికొస్తాయి.

టమియా సంస్థ ఎం577ను విడి కిట్టుగానే తెచ్చింది కనుక, అది కొనేస్తే పోలేదా అని ఎవరైనా అనవచ్చు. కొన్నా తప్పులేదు. కాని కొలిచి, కోసి, లంబకోణం సరిచూసి ఒక పెట్టె కట్టడం ఆ వయసులో నేర్చుకుంటే అది చేతికి జీవితాంతం ఉంటుంది. మీరు చూడవలసినవి రెండే: బ్లేడుతో కోసేటప్పుడు ఉక్కు స్కేలు వాడేలా, చేయి బ్లేడు దారిలో లేకుండా చూడండి, ప్లాస్టిక్ సిమెంటు వాడేటప్పుడు కిటికీ తెరిచి, ఫ్యాను వేయండి. పెద్దవారు పక్కన లేకుండా ఈ రెండు పనులూ చేయనివ్వకండి.

ప్రశ్న: ఉక్కు కర్మాగారంలో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యాను. మనవడి నమూనాల్లో కొత్తగా అతికించిన పలకల దగ్గర వెల్డింగ్ కనిపించక నా కంటికి అవి అబద్ధంలా ఉన్నాయి. చిన్న స్కేలులో వెల్డింగ్ అతుకు ఎలా చూపాలి?
– పాఠకుడు, గాజువాక

జవాబు: అయ్యా, మీరు పట్టుకున్న లోపం చాలామంది అనుభవజ్ఞుల కంటికి కూడా అందదు. కవచ పలకలను కలిపేది వెల్డింగే కనుక, కొత్త పలక చుట్టూ అతుకు లేకపోతే అది బండిలో భాగంగా కాక బండి మీద పెట్టిన అట్టముక్కలా కనిపిస్తుంది. కిట్టు భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కడ్డీని కొవ్వొత్తి సెగకు దూరంగా పట్టి, మెత్తబడగానే రెండు చివరలూ లాగితే దారంలా సాగుతుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పున్న అతుకు ఈ స్కేలులో 0.3 మిల్లీమీటర్లు కూడా ఉండదు కనుక, దారం అంత సన్నగా రావాలి. దాన్ని మూలలో పరిచి, పల్చని ప్లాస్టిక్ సిమెంటును కుంచెతో రాసి, కొన్ని నిమిషాలు ఆగి, మెత్తబడిన తరువాత మొద్దు కత్తి అంచుతో దగ్గరదగ్గరగా వంపు గాట్లు పెట్టండి. ఎలక్ట్రోడ్ నడిపిన చేతికి ఆ గాట్ల లయ నేను నేర్పవలసినది కాదు. దారం కుదరకపోతే ఎం–సీల్‌ను తడి వేళ్లతో సన్నని నూలుపోగులా చుట్టి, పంటిపుల్లతో నొక్కినా బాగా వస్తుంది. కర్మాగారంలో పడిన అతుకు ఒకే తీరుగా, తరువాత వర్క్‌షాపులో పడిన అతుకు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుందన్నది మనవడికి మీరే చెప్పండి. రెండు రకాలూ ఒకే నమూనాలో చూపగలిగితే బండి చరిత్ర అందులోనే చదవవచ్చు.

ప్రశ్న: షీటు కొనలేక పాత ఏటీఎం కార్డులతో పలకలు కోసి కిట్టుకు అతికిస్తే, రెండు రోజుల్లో ఊడిపోయాయి. పైగా వానాకాలంలో వేసిన లక్కర్ రంగు పాలు పోసినట్టు తెల్లబడింది. రెండింటికీ కారణం ఏమిటి?
– పాఠకుడు, డాబాగార్డెన్స్

జవాబు: ఆ కార్డులు పీవీసీ, కిట్టు పాలిస్టైరీన్. కిట్టు సిమెంటు పాలిస్టైరీన్‌ను కరిగించి కలుపుతుంది, పీవీసీని అలా కలపలేదు; కార్డులకు ఫెవిక్విక్ వంటిదే వాడాలి. అడుగున త్రికోణం మధ్య 6 అంకె ఉన్న పలుచని డబ్బాలు, మూతలు పాలిస్టైరీన్ కనుక, వాటి చదును భాగాలు ఖర్చు లేకుండా దొరికే షీటు. రంగు తెల్లబడడానికి కారణం మన సముద్రతీరపు తేమ. లక్కర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. వాన పడుతున్న రోజు ఆ రంగు ముట్టుకోకుండా, నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపి, ఎయిర్‌బ్రష్ గొట్టానికి నీటి వడపోత పెట్టుకోండి. పెద్ద పనులను డిసెంబరు, జనవరి నెలలకు అట్టిపెట్టుకోవడం మేలు.

ప్రశ్న: సారథ్ చట్రం మీది అంబులెన్సును చేసి, తీరం ఎక్కుతున్నట్టు ఇసుక మీద చూపాలని ఉంది. దీనికీ టరెట్ తీసేయాలా? ఇక్కడి ఇసుక, ఎర్రమట్టి వాడవచ్చా?
– పాఠకురాలు, భీమిలి

జవాబు: ఈ రకంలో టరెట్ ఉంటుంది, 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండదు. టరెట్ పక్కన ఉండే పొగ గ్రెనేడ్ గొట్టాలను కూడా తీసేయాలి. ఫిరంగి బయటికి వచ్చే చోటును పలుచని పలకతో మూసి, గాజువాక పాఠకుడికి చెప్పినట్టు చుట్టూ అతుకు వేయండి. మోర్టార్ వాహనం చేస్తున్న మిత్రుడి దగ్గర మిగిలిపోయే టరెట్ ఇలాంటి చోటే పనికొస్తుంది. మీ కిట్టులోదాన్ని కోయడానికి ధైర్యం చాలకపోతే, ముందు అటువంటి అదనపు దాని మీద సాధన చేయండి. లోపల నాలుగు స్ట్రెచర్లకు ఏర్పాటు ఉంటుంది. వెనుక తలుపులు తెరిచి చూపదలిస్తే ఒక్కో స్ట్రెచర్‌ను 60 నుంచి 65 మిల్లీమీటర్ల పొడవున చేయండి, తలుపులను మాత్రం పలుచన చేయకండి: బీఎంపీ వెనుక తలుపులు ఇంధన ట్యాంకులు కూడా కనుక అవి నిజంగానే మందంగా ఉంటాయి. తెల్లని చతురస్రంలో ఎర్ర శిలువను ముందు తెలుపు వేసి, ఆరిన తరువాత టేపు అంచులతో ఎరుపు వేస్తే పదునుగా వస్తుంది.

తీరపు ఇసుక నేరుగా పనికిరాదు. అర మిల్లీమీటరు రేణువు ఈ స్కేలులో దాదాపు 18 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. ఇసుకను పలుచని గుడ్డలో జల్లించి, కింద పడిన పొడిని మాత్రమే తీసుకుని, ఉప్పు పోయేలా మంచినీటితో రెండుమూడుసార్లు కడిగి ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే కొన్నాళ్లకు రంగు కింద తెల్లని మచ్చలు లేస్తాయి. ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం చెంచాడు మట్టి కూడా తీసుకోకండి, అది రక్షిత భూవారసత్వ ప్రదేశం. ఇటుక పొడిని మెత్తగా నూరి వస్త్రగాళితం పడితే అదే ఛాయ వస్తుంది. ఇసుకను ట్రాకుల మీద, చక్రాల మధ్య, వెనుక తలుపుల కింది అంచున ఎక్కువగా పెట్టండి. నీటిలోంచి వచ్చిన బండి కనుక నీటిమట్టం గీతకు కింద రంగు ముదురుగా, తడిగా ఉండాలి. నీటిలోకి దిగేటప్పుడు ముందుకు ఎత్తే అలల పలక ఇంకా పైకి లేచి ఉన్నట్టే చూపండి.