ఎంపీసీ పక్కన ఐదో సబ్జెక్టు: కంప్యూటర్ సైన్సా, ఫిజికల్ ఎడ్యుకేషనా, సైకాలజీనా?

మీ అమ్మాయి సీబీఎస్ఈలో పదో తరగతి పూర్తిచేసి పదకొండులో ఎంపీసీ తీసుకుంటోంది. ఐదో సబ్జెక్టుగా ఏది పెట్టిస్తే సొంతంగా ఆలోచించడం, మనుషుల్ని అర్థం చేసుకోవడం అలవడతాయని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక సీబీఎస్ఈ స్కూల్లో సైకాలజీ చెబుతాను. నా సలహా కూడా సైకాలజీయే. అయితే దానికి ఒక షరతు ఉంది, అది చివర్లో చెబుతాను.

పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో రెండో పాఠం పరిశోధన పద్ధతుల గురించి. పరిశీలన, ప్రయోగం, సర్వే, ఇంటర్వ్యూ అన్నీ అందులోనే వస్తాయి. ఒక మాట నిజమని మనకెలా తెలుస్తుందన్నదే పాఠమంతా. డెఫినిషన్లు రాయించి వదిలేస్తే వారంలో అయిపోతుంది. నేను మాత్రం దీని దగ్గర చాలా రోజులు ఆగుతాను.

పిల్లలు గట్టిగా నమ్మే మాటొకటి బోర్డు మీద రాయమంటాను. ఒక బ్యాచ్ "ట్యూషన్‌కి వెళ్తేనే మార్కులొస్తాయి" అని రాసింది. సరే, లెక్క తీయండి అన్నాను. పేర్లు లేకుండా చీటీల మీద మార్కులు, ట్యూషన్ ఉందో లేదో రాసి డబ్బాలో వేశారు. ట్యూషన్ వాళ్ల సగటే ఎక్కువొచ్చింది. క్లాసంతా చప్పట్లు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, బాగా చదివేవాళ్లనే ట్యూషన్‌కి పంపుతున్నారేమో కదా?" అంది. ఇంకో అబ్బాయి, "ఫీజు కట్టగలిగిన ఇంట్లో చదువుకోవడానికి వేరే గది కూడా ఉంటుంది" అన్నాడు. బెల్లు కొట్టినా వాదన ఆగలేదు. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని నేను విడిగా చెప్పాల్సిన పనే లేకపోయింది. వాట్సాప్‌లో ఫలానా కషాయంతో షుగర్ తగ్గిందని వస్తే, "తాగనివాళ్లకి తగ్గలేదని ఎవరైనా చూశారా?" అని మావాడు అడుగుతున్నాడండీ అని ఒక తండ్రి పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో.

ఇక్కడే లటానే, డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1968లో ప్రచురించిన పొగ ప్రయోగం కూడా చెబుతాను. గదిలోకి పొగ వస్తుంటే, ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు కూర్చుంటే చెప్పినవాళ్లు 10 శాతమే. ఇది విన్నాక పిల్లలు స్కూల్ బస్సులో ఎవరినో ఏడిపిస్తుంటే తాము ఎందుకు నోరు మెదపలేదో మాట్లాడుకుంటారు. ఆ వయసులో ఇంతకంటే అవసరమైన చర్చ ఏముంటుంది?

పన్నెండులో ఒక వ్యక్తి గురించి కేస్ ప్రొఫైల్ రాయాలి. ఒకబ్బాయి వాళ్ల తాతయ్యను ఎంచుకుని, "మీరు చాలా కష్టాలు పడ్డారు కదా?" అనే తరహా ప్రశ్నలు రాసుకొచ్చాడు. అడిగేవాడు జవాబు ముందే చెప్పేస్తే ఆయన తలూపడం తప్ప ఏం చేస్తారు? "ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజులు ఎలా గడిచేవి?" అని మార్పించాను. ఆయన గంటకు పైగా మాట్లాడారట.

మార్కుల సంగతి కూడా చూసుకోవాలి. సైకాలజీలో థియరీకి 70, ప్రాక్టికల్స్‌కి 30. ఐఐటీ, ఎన్ఐటీ సీటుకి పన్నెండులో 75 శాతం ఉండాలన్న నిబంధన ఉంది (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65), లేదంటే బోర్డులో టాప్ 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఆ 75 శాతం లెక్కలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక భాషతో పాటు ఐదో సబ్జెక్టు కూడా కలుస్తుంది. కాబట్టి ఏది తీసుకున్నా శ్రద్ధగా చదవాల్సిందే. ఇంజినీరింగ్‌కి వెళ్తే కోడింగ్ అక్కడ ఎలాగూ మొదటి నుంచి చెబుతారు. ఫిజికల్ ఎడ్యుకేషన్, నిజంగా ఆటలు ఆడే పిల్లలకైతే మంచిది. వాదించడం ఇష్టమైన పిల్ల అయితే, మీ స్కూల్లో లీగల్ స్టడీస్ ఉందేమో కూడా కనుక్కోండి.

ఇక షరతు. సైకాలజీకి రెగ్యులర్ టీచర్ ఉన్నారా, లేక వేరే సబ్జెక్టు వాళ్లతో సర్దేస్తున్నారా అని అడగండి. కిందటేడాది పిల్లల ప్రాక్టికల్ ఫైళ్లు రెండు మూడు చూపించమనండి. అన్నిట్లో ఒకే వాక్యాలు కనబడితే అక్కడ నోట్సు బట్టీ పట్టిస్తున్నారన్నమాట. అలాంటి చోట కంప్యూటర్ సైన్సే నయం. ఇది రెండేళ్ల కోర్సు, మధ్యలో మార్చుకోవడం కష్టం. కోచింగ్‌తో కలిపి నడిపే సెక్షన్ అయితే ఈ పీరియడ్లు నిజంగా జరుగుతాయా అన్నది పై క్లాసు పిల్లల్ని అడిగితే తెలుస్తుంది.

పుస్తకం ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అడ్మిషన్ ఫారం నింపేలోపు ఆ రెండో పాఠం మీ అమ్మాయినే చదివి చూడమనండి.