పికప్ డోర్లకి కొత్త స్పీకర్ వైరు వేసుకోవాలంటే

"అన్నా, డాలస్ వచ్చి ఏడాదిన్నర అయింది. ఈ మధ్యే 2008 టొయోటా టకోమా పికప్ ట్రక్కు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. డ్రైవర్ డోర్‌లో స్పీకరు తలుపు తీసి ఉంటే మోగుతోంది, మూస్తే ఆగిపోతోంది. షాపుకి తీసుకెళ్తే నాలుగు డోర్లకీ కొత్త వైరు లాగాలి, ఆరు వందల డాలర్లు అవుతుంది అన్నారు. నేనే వేసుకోవచ్చా? ఎప్పుడూ కారు విప్పలేదు, టెన్షన్‌గా ఉంది."

వేసుకోవచ్చు తమ్ముడూ. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే చాలు, ఒక శనివారం కేటాయించు. కానీ ముందు ఒక మాట. నీకు నాలుగు డోర్లకీ కొత్త వైరు అక్కర్లేదు. తలుపు కదిలినప్పుడల్లా శబ్దం వచ్చిపోతోందంటే వైరు తెగింది తలుపుకీ బాడీకీ మధ్య, కీళ్ల దగ్గరే. అక్కడ హార్మోనియం తిత్తిలా ముడతలు ముడతలుగా నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది చూడు, దాన్ని బూట్ అంటారు. తలుపు తీసి మూసిన ప్రతిసారీ లోపలి వైర్లు వంగి లేస్తుంటాయి. పదిహేనేళ్లు దాటిన బండిలో అక్కడ రాగి పోగులు తెగిపోవడం మామూలే. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల తెగి ఉంటుంది.

తేల్చుకోవడం కూడా సులువే. సౌండ్ తక్కువలో పెట్టి, తలుపు సగం తీసి, ఆ రబ్బరు గొట్టాన్ని చేత్తో అటూ ఇటూ వంచు. గరగరమని వచ్చిపోతే దొంగ దొరికినట్టే. రాకపోతే స్పీకర్ విప్పి మల్టీమీటర్‌తో రెండు కొసల మధ్య నిరోధం, అంటే ఓమ్స్, చూడు. నాలుగు ఓమ్‌ల స్పీకరైతే మూడుకీ నాలుగుకీ మధ్య చూపించాలి. అసలేమీ చూపించకపోతే తప్పు వైరుది కాదు, స్పీకరే పోయింది.

కొత్త వైరు అవసరమయ్యేది నాకు తెలిసి రెండు సందర్భాల్లోనే. ఒకటి నీలాగా పాతది తెగినప్పుడు. రెండోది, సీటు వెనకో కిందో విడిగా యాంప్లిఫయర్ పెట్టి, డోర్ స్పీకర్లకి గట్టి పవర్ ఇద్దామనుకున్నప్పుడు. స్టీరియో మార్చి ఊరుకునేవాళ్లకి కంపెనీ వైరే సరిపోతుంది. డబ్బా మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉన్నా, స్టీరియో నికరంగా ఇచ్చేది ఛానెల్‌కి ఇరవై వాట్ల చుట్టుపక్కలే. దానికోసం ట్రక్కంతా విప్పించుకోవద్దు. కొత్తగా వచ్చిన మన పిల్లలు షాపువాడు చెప్పగానే తలూపడం చూస్తే నాకు బాధేస్తుంది. "ఏ వైరు తెగిందో మీటర్ పెట్టి చూపించండి" అని అడగడానికి మొహమాటపడకు. ఇక్కడ అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇక వైరు కొనడం. మన ఊళ్లో వైరు అడిగేది స్క్వేర్ ఎంఎం లెక్కలో. వన్ పాయింట్ ఫైవ్, టూ పాయింట్ ఫైవ్ అంటాం, నంబరు పెరిగితే వైరు లావవుతుంది. ఇక్కడ గేజ్ లెక్క, అది తలకిందులు: నంబరు పెరిగితే వైరు సన్నబడుతుంది. 18 గేజ్ అంటే సుమారు 0.8 స్క్వేర్ ఎంఎం, 16 అంటే 1.3, 14 అంటే 2.1. డోర్లకి 16 గేజ్ తీసుకో. వెయ్యి అడుగులకి నాలుగు ఓమ్‌ల నిరోధం ఉండే వైరు అది. డోర్ దాకా పదిహేను అడుగులనుకుంటే, పోను రాను ముప్ఫై అడుగులకి 0.12 ఓమ్. నాలుగు ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకే రాదు. 14 గేజ్ ఇంకా మంచిదని ఎవరైనా చెప్పినా వినకు. ఆ ఇరుకు గొట్టంలోంచి 14ని దూర్చడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

గేజ్ కంటే ముఖ్యమైనది లోపలి లోహం. చవగ్గా దొరికే చుట్టల మీద చిన్న అక్షరాలతో సీసీఏ అని ఉంటుంది. అది అల్యూమినియం తీగ మీద రాగి పూత. అల్యూమినియానికి రాగిలో అరవై శాతం మాత్రమే వాహకత, అది సరే. మన పనికి అంతకంటే పెద్ద దోషం, పదే పదే వంచితే రాగి కంటే ముందే తెగుతుంది. వంగే చోటికే వైరు లాగుతూ వంగలేని వైరు కొంటే ఎలా? ఓఎఫ్‌సీ, అంటే పూర్తిగా రాగిదే, అని రాసినది, సన్న పోగులు ఎక్కువగా ఉన్నది తీసుకో. అనుమానమొస్తే కొసన ఒక పోగుని బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. హోమ్ డిపోలో దొరికే ఇంటి గోడల వైరు, రోమెక్స్, దీనికి అసలే పనికిరాదు. అందులో ఉండేది ఒకే గట్టి కడ్డీ.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పేసి పక్కకి వంచు. టొయోటా వాళ్లు ఆ తర్వాత కనీసం 90 సెకన్లు ఆగమంటారు. నువ్వు ఐదు నిమిషాలు ఆగు, ఆ లోపు టీ తాగు. తీగలు పట్టుకునేటప్పుడు పసుపు రంగు ప్లగ్గు గానీ పసుపు గొట్టంలో ఉన్న వైరు గానీ కనిపిస్తే దాని జోలికి వెళ్లకు. అది ఎయిర్‌బ్యాగ్‌ది. మల్టీమీటర్ ముల్లు కూడా ఆనించకు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

డోర్ ప్యానెల్ తీయడం అనుకున్నంత భయమేమీ కాదు. లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత కింద ఒక స్క్రూ, చెయ్యి పట్టుకునే గుంటలో ఒకటో రెండో, మిగతాదంతా ప్లాస్టిక్ క్లిప్పులే. వాటిని లేపే ప్లాస్టిక్ పట్టీల సెట్ హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల షాపులో చవగ్గా దొరుకుతుంది. స్టీల్ స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే పెయింటు మీద గీత పడుతుంది. షికాగో, మినియాపోలిస్ వైపు ఉన్నవాళ్లు చలికాలంలో ఈ పని పెట్టుకోకండి. చలికి ప్లాస్టిక్ పెళుసుబారి క్లిప్పులు పటుక్కుమని విరుగుతాయి. ప్యానెల్ ఊడగానే గుంజెయ్యకు. అద్దాల స్విచ్ వైరు, హ్యాండిల్ కేబుల్ ఇంకా దానికే వేలాడుతుంటాయి.

ఇప్పుడు అసలు పని, గొట్టం. నా మొదటి ట్రక్కుకి 2009లో హ్యూస్టన్‌లో ఒక షాపులో డబ్బిచ్చి చేయించాను. నలభై నిమిషాల్లో అయిపోయిందన్నారు, సంతోషించాను. నాలుగు నెలలకి యాంప్ దానంతటదే ఆగిపోవడం మొదలైంది. విప్పి చూస్తే, వైరుని గొట్టంలోంచి కాకుండా తలుపు సందులోంచి బయటే తీసుకొచ్చారు. తలుపు మూసినప్పుడల్లా కీలు నలిపి నలిపి తొడుగు తెగి, రాగి బాడీకి తగులుతోంది. ఆ నలిగిన ముక్క అరచేతిలో పెట్టుకుని చూశాను: అంగుళం పొడవున చదునైపోయి, నల్ల తొడుగు మీద తలుపు పెయింటు అంటుకుని ఉంది. ఆ రోజు నుంచి నా వైర్లు నేనే వేసుకుంటున్నాను.

గొట్టం రెండు వైపులా పెదవిలా అంచు ఉంటుంది. తలుపు వైపున్న అంచు వేలితో నెట్టి ఊడదీయి, తర్వాత బాడీ వైపుది. డ్రైవర్ ఎడమ పాదం పక్కన గోడకి ఉండే ప్లాస్టిక్ ముక్కని కిక్ ప్యానెల్ అంటారు. గడప మీది పట్టీ, ఆ కిక్ ప్యానెల్ తీస్తే గొట్టంలోంచి వచ్చే వైర్ల కట్ట కనిపిస్తుంది. ఇక దూర్చడం అంటావా, లంగాకి బొందు ఎక్కించడం ఇంట్లో చూసే ఉంటావు. అచ్చం అదే పద్ధతి. వైరుని లోపలికి తోయాలని చూస్తే మధ్యలో మడత పడి ఆగిపోతుంది. గట్టి తీగ, బట్టలు తగిలించే హ్యాంగర్ తీగైనా సరే, కొస గుండ్రంగా వంచి టేపు చుట్టి ముందు దాన్ని పంపు. పదునైన కొస పంపితే పాత వైర్ల తొడుగు గీరుకుపోతుంది. ఆ తీగకి స్పీకర్ వైరు కట్టి, ముడి మీద సన్నగా టేపు చుట్టి, గొట్టాన్ని వేళ్లతో కుచ్చుగా పోగుచేస్తూ జరుపుకుంటూ రా. జారడానికి గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు చాలు, లేదా సిలికాన్ స్ప్రే. గ్రీజు, పెట్రోలు నూనెలు రబ్బరుని తినేస్తాయి, వాడకు. మొదటి డోర్‌కి ఈ ఒక్క మెట్టుకే గంట పట్టినా కంగారుపడకు. రెండోది పావుగంటలో అవుతుంది.

వైరు వచ్చాక బిగువుగా లాగకు. తలుపు పూర్తిగా తెరిచి చూసి, ఆపైన ఇంకో అంగుళం రెండంగుళాలు వదులు ఉంచు. గొట్టం లోపల అతుకు వెయ్యకు, ఎంత మంచి అతుకైనా సరే. అతుకు దగ్గర వైరు గట్టిపడి, దాని పక్కనే తెగుతుంది. నీ తెగిన వైరు విషయంలో కూడా గొట్టం లోపల ముక్క కలపొద్దు. కిక్ ప్యానెల్ దగ్గర ఒక అతుకు, తలుపు లోపల ఒక అతుకు, మధ్యలో వంగే చోటంతా ఒకే వైరు ఉండాలి. అతుకులకి క్రింప్, అంటే నొక్కి బిగించే లోహపు తొడుగు, వేసి, మీద వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించు. పురి తిప్పి నల్ల టేపు చుట్టడం మన దగ్గర అలవాటే. టెక్సస్ ఎండకి ఆ టేపు జిగురు కారిపోయి రెండు వేసవులకి ఊడిపోతుంది.

కొత్త మోడల్ ట్రక్కులున్నవాళ్లకి ఒక హెచ్చరిక. చాలావాటికి గొట్టం చివర, తలుపు చట్రం దగ్గర పెద్ద ప్లగ్గు ఉంటుంది. కన్నం కనిపించదు, నిండా పిన్నులే. కొందరు ప్లగ్గులో ఖాళీ ఉన్న చోట డ్రిల్ వేసి వైరు తీసుకెళ్తారు. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే అద్దాలో, తాళాలో, ఇంకా పెద్దవో పోతాయి. మొదటిసారి చేసేవాళ్లు ఆ పని చెయ్యొద్దు. దానికి మంచి మార్గం ఉంది. యాంప్ దగ్గర్నుంచి స్టీరియో వెనక దాకా తొమ్మిది తీగల కేబుల్ ఒకటి వేసి, అక్కడ కంపెనీ స్పీకర్ వైర్లకి కలిపితే, తలుపు జోలికే వెళ్లక్కర్లేదు. మామూలు పవరున్న యాంప్‌లకి తేడా చెవికి తెలియదు.

తలుపు లోపలికొచ్చాక రెండు చూసుకో. అద్దం కిందికి దిగే దారి వైరుకి తగలకూడదు. పాత వైర్ల కట్టతో పాటే తీసుకెళ్లి జిప్ టైలు వెయ్యి. ఇంకొకటి, ఇనుప రేకు మీద అంటించి ఉన్న ప్లాస్టిక్ షీటు. అడ్డంగా ఉందని చాలామంది చించి పారేస్తారు. వాన నీళ్లు అద్దం పక్క నుంచి తలుపు లోపలికి దిగి కింది కన్నాల్లోంచి పోతాయి. వాటిని క్యాబిన్‌లోకి రానివ్వకుండా ఆపేది ఆ షీటే. కొన్ని బండ్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ కూడా తలుపు లోపలే ఉండి, అక్కడి గాలి ఒత్తిడిని చూస్తుంటుంది. కాబట్టి షీటుని జాగ్రత్తగా పక్కకి తీసి, ఆ నల్ల జిగురు మీదే మళ్లీ గట్టిగా నొక్కి అంటించు.

బయట కొన్న స్టీరియోలకి రంగుల లెక్క ఒకటే: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది నెగటివ్. ఇక్కడ డ్రైవర్ కూర్చునేది ఎడమ పక్క, చేసేటప్పుడు అది మర్చిపోకు. స్పీకర్‌కి ఏది ప్లస్సో అనుమానమైతే మామూలు 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించు. స్పీకర్ ముందు భాగంలో కదిలే గిన్నె, అంటే కోన్, బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిందే ప్లస్. ఒక డోర్ తలకిందులైతే ఏదీ కాలిపోదు కానీ బేస్ పలచబడిపోతుంది, గాయకుడి గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. స్పీకర్ నెగటివ్‌ని మాత్రం బండి బాడీకి ఎప్పుడూ కలపకు. ఇప్పటి స్టీరియోల్లో రెండు తీగల్లోనూ సిగ్నలే ఉంటుంది. బాడీకి తగిలితే లోపలి చిప్ పోతుంది.

ఇవన్నీ చెప్పి, పని ఎక్కడ చేస్తావో అడగకపోతే తప్పు. అపార్ట్‌మెంట్ లీజు ఒకసారి చదువు. చాలావాటిలో పార్కింగ్‌లో బండి రిపేరు చెయ్యకూడదని ఉంటుంది. సొంత ఇల్లున్న స్నేహితుడి గరాజ్ అడుగు, ఇస్తారు. ఇంకోటి, నీ పని బాగా కుదిరాక రూమ్మేట్లు, ఆఫీసువాళ్లు "మాకూ చేసిపెట్టు, డబ్బులిస్తాం" అంటారు. ఎఫ్-1 మీదున్నా, హెచ్-1బీ మీదున్నా డబ్బు తీసుకుని చెయ్యకు. అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. యాభై డాలర్ల కోసం స్టేటస్ మీదికి తెచ్చుకోవద్దు నాన్నా.

ప్యానెల్ బిగించే ముందు బ్యాటరీ పెట్టడానికి తొందరపడకు. ఊడదీసిన ప్లగ్గులన్నీ తగిలించావో లేదో చూసుకుని అప్పుడు పెట్టు. అద్దం పైకీ కిందికీ మూడుసార్లు నడుపు. సౌండ్ పెట్టి తలుపు ఇరవైసార్లు తీసి మూయి, ప్రతిసారీ గొట్టం ఎటు ముడుచుకుంటోందో వంగి చూడు. అప్పటికీ శబ్దం తెగకపోతే క్లిప్పులు నొక్కెయ్. వారం తర్వాత కార్ వాష్‌కి తీసుకెళ్లి, ఇంటికొచ్చాక డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడు. తడి తగిలితే గొట్టం అంచో, షీటో సరిగా కూర్చోలేదు. ఆ ఒక్క తలుపే మళ్లీ విప్పు.