మార్చుకోలేనివాటికే ముందు డబ్బు పెట్టండి: ఇంటి ల్యాప్‌టాప్ గురించి కడప నుంచి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంటిల్లిపాదికీ ఒకే ల్యాప్‌టాప్ కావాలి. 35,000 రూపాయలు దాటకూడదు. ఇంటర్ చదివే అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వింటుంది, నాన్నగారు తెలుగులో రాసుకుంటారు, మీకు బ్యాంకు పనులు, బిల్లులు, ఎప్పుడైనా ఒక సినిమా. ఏ కంపెనీది కొనాలి?

కంపెనీ సంగతి చివరికి వదిలేయండి. ఈ ధరలో ప్రతి కంపెనీకీ ఒక మంచి మోడలూ ఉంటుంది, ఇంటికి తేకూడని మోడలూ ఉంటుంది. మీరు అడగాల్సిన ప్రశ్న వేరు. ఇందులో నేను తర్వాత మార్చుకోగలిగినవి ఏవి, ఎప్పటికీ మార్చుకోలేనివి ఏవి? ఈ ప్రశ్న నాకు 2020లో తెలిసి ఉంటే 23,000 రూపాయలు మిగిలేవి.

ఆ ఏడాది బడులు మూతపడి మా అమ్మాయికి ఫోనులో పాఠాలు మొదలయ్యాయి. అరచేతంత తెరలో టీచరు రాసే లెక్కలు కనపడక పిల్ల కళ్లు నులుముకుంటుంటే చూడలేక, ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణానికి వెళ్లి, ఉన్నవాటిలో చవకైనది తెచ్చాం. సన్నగా, తేలికగా, చూడముచ్చటగా ఉండేది. 4 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడే తాత్కాలిక మెమరీ), 64 జీబీ స్టోరేజీ (ఫైళ్లు దాచుకునే చోటు). నా ఫోనులోనూ 64 జీబీయే ఉంది, దానితో ఇబ్బంది లేదు, కాబట్టి దీనికీ చాలుతుందనుకున్నాను.

చాలలేదు. విండోస్ ఒక్కటే అందులో సగానికి దగ్గరగా ఆక్రమించింది. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఇంకా కొన్ని జీబీల ఖాళీ కావాలని అడిగేది. పిల్ల నోట్సు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, ఉన్నవి తుడిచి, మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ ‘స్థలం చాలదు’ అనే సందేశమే. ఏడాది తిరిగేసరికి పాఠం వింటూ పక్కన ఒక పీడీఎఫ్ తెరిస్తే చాలు, టీచరు మాట తెగిపోయేది. పరీక్ష రాస్తుండగా ఒకసారి మొత్తం నిలిచిపోయింది. ఆ రోజు మా అమ్మాయి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

బాగుచేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్తే వెనుక మూత విప్పి చూపించాడు. బోర్డు మీద గోరంత నల్లటి చదరం. అదే స్టోరేజీ. దాన్ని ఈఎంఎంసీ అంటారట, బోర్డుకే అతికించి ఉంది. పక్కనే ర్యామ్ చిప్పులు, అవీ అతికించినవే. ‘మేడమ్, ఇందులో తీసి వేరేది పెట్టడానికి ఏమీ లేదు’ అన్నాడు. మా ఆయన వాడి మూలన పడేసిన 2014 నాటి బరువైన ల్యాప్‌టాప్‌ను కూడా అదే రోజు తీసుకెళ్లాం. అందులోని పాత హార్డ్ డిస్కు విప్పి, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కుకన్నా చాలా వేగంగా పనిచేసే చిప్పుల స్టోరేజీ) ఒకటి బిగించాడు. అయిన ఖర్చు 2,400 రూపాయలు. ఆ ముసలి యంత్రం అర నిమిషంలో తెరుచుకుంది. ఏడాది కిందట కొన్న కొత్తదేమో పక్కనే బల్ల మీద ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే 2023లో రెండోది కొన్నప్పుడు పాటించాను. అది ఇప్పటికీ ఇంట్లో ముగ్గురి పనీ చేసిపెడుతోంది. మీకు చెప్పేది కూడా అదే. ప్రాసెసర్ (పనంతా నడిపే ప్రధాన చిప్పు), తెర, ర్యామ్ పెంచుకునే వీలు: ఈ మూడూ కొన్న రోజు ఎలా ఉంటాయో చివరిదాకా అలాగే ఉంటాయి. డబ్బు అక్కడ పెట్టండి. ఎస్‌ఎస్‌డీ చిన్నదైతే తర్వాత పెద్దది వేసుకోవచ్చు, బ్యాటరీ అరిగితే మార్చుకోవచ్చు, కీబోర్డు పాడైనా దొరుకుతుంది.

ఇంటెల్ ప్రాసెసర్ విషయంలో దుకాణాలవాళ్లు ‘ఐ3, ఐ5, ఐ7’ అని మూడు మెట్లుగా చెబుతారు. ఆ మాట సగమే. పక్కన ఉండే అంకెలు అడగండి. ఐ3-1215యూ అంటే మొదటి రెండంకెలు 12, అంటే 12వ తరం, లోపల 6 కోర్లు (పనిని పంచుకుని చేసే భాగాలు). ఐ7-7500యూ అంటే 7వ తరం, లోపల 2 కోర్లు మాత్రమే. పాత ఐ7 స్టిక్కర్ చూసి పొంగిపోతే ఎంత పొరపాటో ఇక్కడే తెలుస్తుంది. ఏఎండీ రైజెన్‌లో 2023 నుంచి వచ్చిన నాలుగంకెల పేర్లయితే మూడో అంకె చూడండి. 7320యూలో మూడో అంకె 2, అంటే చిప్పు లోపలి నిర్మాణం 2019 నాటి జెన్ 2. 7330యూలో మూడో అంకె 3, అది దాని తర్వాతి తరం. రెండింటి మీదా ‘రైజెన్ 3, 7000 సిరీస్’ అనే ఉంటుంది. పాఠాలకూ బ్యాంకు పనికీ మొదటిది కూడా సరిపోతుంది. అయితే రెండూ ఒకే ధరకు వస్తుంటే ఏది తీసుకోవాలో మీకు తెలిసి ఉండాలి. పైగా 7320యూ ఉన్నవాటిలో ర్యామ్ బోర్డుకు అతికించే ఉంటుంది, కాబట్టి అది తీసుకునేట్లయితే 4 జీబీది ముట్టుకోకండి.

ర్యామ్ 8 జీబీకి తక్కువ వద్దు. 4 జీబీతో విండోస్ 11 నడుస్తుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది, నిజమే, నడుస్తుంది. కానీ బ్రౌజరులో నాలుగు పేజీలు, ఒక వీడియో పాఠం కలిస్తే ఊపిరి సలపదు. 8 ఉండి, ఇంకొక ర్యామ్ బిగించుకునే ఖాళీ స్లాటు ఉంటే అదే మేలు. ఈ సంగతి దుకాణంలోనే తేల్చుకోవచ్చు. ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ లోపల మెమరీ. ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో అక్కడ రాసి ఉంటుంది. ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే అతికించినది, ‘ఎస్‌ఓడిమ్’ అని ఉంటే తీసిపెట్టుకోగలిగినది. అరనిమిషం పని. నేను చూస్తుంటే దుకాణం అబ్బాయి కూడా వంగి చూసి, ఇది తనకూ తెలియదన్నాడు.

అక్కడే స్టోరేజీ ఏ రకమో కూడా అడిగి, పెట్టె మీద చదవండి. ఎస్‌ఎస్‌డీ అని ఉండాలి. 512 జీబీ అయితే నిశ్చింత, 256 అయినా ఇంటి పనికి చాలు. ఒక టీబీ అని పెద్ద అంకె చెప్పి పాత హార్డ్ డిస్కు ఉన్నది చూపిస్తే వద్దనండి.

ఇక తెర. మీరు నాన్నగారి గురించి రాశారు కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. మా మామయ్యగారు పదవీ విరమణ తర్వాత అన్నమయ్య కీర్తనలను తనకు నచ్చిన వరుసలో ఎత్తి రాసుకుంటున్నారు. ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి పాత పుస్తకాలు చూసి, చేత్తో రాసుకొచ్చి, సాయంత్రం టైపు చేస్తారు. ఆయన కూర్చునేది పడక కుర్చీలో, ల్యాప్‌టాప్ ఉండేది ఎదుటి స్టూలు మీద. మొదటి ల్యాప్‌టాప్‌లో ఆయనకు అక్షరాలు బూడిద రంగులో, ఒక్కోసారి నెగెటివ్ ఫొటోలాగా కనిపించేవి. కంటి శుక్లమేమోనని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లాం. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. తప్పు తెరది. టీఎన్ రకం తెరలు ఎదురుగా కూర్చుని చూస్తేనే సరిగా ఉంటాయి, కింది నుంచి చూస్తే రంగులు తలకిందులవుతాయి. ఐపీఎస్ రకమైతే ఏ వైపు నుంచి చూసినా అక్షరం అక్షరంలాగే ఉంటుంది. దానితోపాటు తెర మీది చుక్కల లెక్క 1920×1080 ఉందో లేదో చూడండి. 1366×768 తెర మీద ‘క్ష్మ’, ‘స్త్ర’ లాంటి ఒత్తులు ముద్దగా కలిసిపోతాయి. ఇంగ్లిషు చదివేవాళ్లకు అంతగా తెలియదు, తెలుగు చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

తెలుగు టైపింగుకు ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ఉచ్చారణ ప్రకారం ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది. ప్రభుత్వ ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కూడా ఉంది. డీటీపీ దుకాణాల్లో వాడే అను ఫాంట్లను మాత్రం నాన్నగారికి అలవాటు చేయకండి. అవి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు, అందులో కొట్టినది వాట్సాప్‌లోకి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మామయ్యగారు అలా కొట్టిన రెండు నెలల పనిని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది. రాతకూ లెక్కలకూ వాడే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ విషయంలో, శాశ్వత లైసెన్సు ఇస్తున్నారా, కొంతకాలం ఉచితం అంటున్నారా అని అడగండి. ఏదీ రాకపోతే అలాంటిదే అయిన లిబ్రెఆఫీస్ ఉచితం, ఇంటి లెక్కలకు చాలు.

వాడిన ల్యాప్‌టాప్ కొనవచ్చా అని కూడా అడిగారు. కొనవచ్చు, కంపెనీల కార్యాలయాల్లో వాడి తీసేసినదైతే. అవి గట్టిగా కట్టినవి, విప్పడం తేలిక, విడిభాగాలు దొరుకుతాయి. మా తమ్ముడు బెంగళూరు ఎస్పీ రోడ్డులో 8వ తరం ఐ5 ఉన్నది 17,000కు తెచ్చుకుని, 16 జీబీ చేయించుకుని హాయిగా వాడుతున్నాడు. ఇక్కడ ఒక గీత గీసుకోండి. ఇంటెల్ అయితే 8వ తరానికి ముందువి వద్దు. విండోస్ 11 వాటిలో దాదాపు దేన్నీ అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీరు బ్యాంకు పనులు చేసే యంత్రం భద్రతా అప్‌డేట్లు రానిదై ఉండకూడదు. బ్యాటరీ ఎంత అరిగిందో విండోస్ తీసే బ్యాటరీ రిపోర్టులో ఉంటుంది. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండే సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. అమ్మేవాడు అది చూపించనంటే లేచి వచ్చేయండి.

అయినా మీ అమ్మాయి చదువు కీలకమైన ఏళ్లలో ఉంది కాబట్టి, మీకు నా సలహా వారంటీతో వచ్చే కొత్తదే. ఆ వారంటీ ఇంటికి వచ్చి చేసేదా, మనమే తీసుకెళ్లి ఇవ్వాల్సినదా అని బిల్లు కట్టకముందే తేల్చుకోండి. మా మొదటిదాని సర్వీసు కేంద్రం కడపలో లేదు. తిరుపతి బస్సెక్కి ఇచ్చి రావడం, వారం తర్వాత మళ్లీ వెళ్లి తేవడం, రెండు రోజుల సెలవు. రెండోది కొన్నప్పుడు ఇంటికి వచ్చి చేసే వారంటీ ఉన్నదే చూసుకున్నాను. బిల్లు మీద సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు ఒకటేనా అని అక్కడే పోల్చుకోండి. అదే నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొడితే వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో తెలుస్తుంది. ఆరు నెలల కిందటే మొదలై ఉంటే అది ఎవరో వెనక్కి ఇచ్చినది కావచ్చు.

మన ఎండల గురించి ఒక మాట. కడప మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చుకుంటాయి. పరుపు మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. మా ఇంట్లో చెక్క పీట ఒకటి దానికే కేటాయించాం, ల్యాప్‌టాప్ ఎప్పుడూ పీట మీదే. రెండో ఏడాది మూత విప్పించి చూస్తే ఫ్యాను ముందు దుమ్మూ నూలూ కలిసి దూది పట్టాలా పేరుకుని ఉంది. అది తీయించాక ఫ్యాను రొద సగానికి తగ్గింది. ఏడాదికొకసారి, ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో ఆ పని చేయించండి. ఛార్జింగు 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు చాలా మోడళ్లలో ఉంటుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవాళ్లు అది పెట్టుకుంటే వేడికి బ్యాటరీ తొందరగా చావదు. మూడు పిన్నుల ఛార్జరును రెండు పిన్నుల కన్వర్టరులో మాత్రం పెట్టకండి. ఎర్త్ లేకపోతే లోహపు మూత మీద చేయి పెట్టినప్పుడు చిమచిమలాడుతుంది. పాత ఇల్లయితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్టుకు ఎర్త్ ఉందో లేదో ముందు చూపించండి.

ధరలు నెలనెలకూ మారతాయి కాబట్టి ఒక మోడల్ పేరు రాసి మిమ్మల్ని దానికి కట్టేయను. నేను 2023లో కొన్నది ఐ3-1215యూ, 8 జీబీ, ఒక ఖాళీ స్లాటు, 512 ఎస్‌ఎస్‌డీ, ఐపీఎస్ తెర, 36,500 రూపాయలకు. మీ బడ్జెట్‌లో ఇవన్నీ కలిసి రాకపోతే మొదట ఎస్‌ఎస్‌డీని 256కు తగ్గించుకోండి, తెరను తగ్గించుకోకండి. వెళ్లేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. దుకాణంలో కుర్చీ వేయించి, ఇంట్లో ఎంత ఎత్తున ఎంత దూరంలో కూర్చుంటారో అలాగే కూర్చోబెట్టి, తెలుగు వార్తాపత్రిక వెబ్‌సైటు ఒకటి తెరిచి ఆయన చేత నాలుగు వాక్యాలు చదివించండి. ఆయన తల ఎత్తకుండా, దించకుండా చదవగలిగితే బిల్లు రాయించండి.